కిక్రీకి తరగతిలో చోటేది?

నాందేడ్ జిల్లా కిన్వట్ 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. సరిహద్దు మారినా, అటూ ఇటూ గోండుల గాథలు పాడే ప్రధాన్‌ల చేతిలో వాద్యం మారలేదు. అది మూడు తీగల కిక్రీ.

దాన్ని గుర్రపు వెంట్రుకల కమానుతో వాయిస్తారు. మెట్లుండవు, వేలు జారితే స్వరమూ జారుతుంది. వయొలిన్ నేర్చినవారికి ఈ కిటుకు ఇట్టే పట్టుబడుతుంది. అందుకే సంగీత ఉపాధ్యాయుల శిక్షణలో రెంటినీ పక్కపక్కనే నేర్పాలి. బాలుస్వామి దీక్షితార్ యూరప్ వయొలిన్‌ను అందిపుచ్చుకున్నాక కర్ణాటక సంగీతం చిక్కిపోలేదు, ఇంకా బలపడింది!

హంగరీలో జోల్తాన్ కొదాయ్ 1905 నుంచి పల్లెపాటలు సేకరించాడు. బడి సంగీతానికి వాటినే పునాది చేశాడు. మన దగ్గరా దారి వేసినవారున్నారు. 1940వ దశకంలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలిసింది. గోండీలో వాచకాలూ వచ్చాయి. ఆ పని సంగీతం దాకా సాగాలి.

అయితే కీబోర్డులో నిక్షిప్తం చేసిన కిక్రీ ధ్వనితో సరిపెట్టుకోకూడదు. డిగ్రీ లేదని ప్రధాన్ కళాకారుణ్ణి గుమ్మం దగ్గరే ఆపేయడం అన్యాయం. ఆయనే గురువుగా తరగతికి రావాలి, తోటి అధ్యాపకులతో సమానంగా వేతనం అందుకోవాలి. ప్రాక్టికల్ పరీక్షలో కిక్రీకి కూడా గిటారుతో సమానంగా మార్కులుండాలి.