పగడం తెల్లబోతే

మే నెల మిట్టమధ్యాహ్నం బిలాస్‌పూర్ పక్కన లాల్‌ఖదాన్ దగ్గర రైలుకట్ట మీద నిలబడితే చెప్పులు దాటి కాలికి సెగ తగులుతుంది. ట్రాక్‌మన్ వంగి పట్టాకు థర్మామీటరు ఆనిస్తాడు. గాలి ఎంత వేడిగా ఉన్నా అతనికి కావలసింది ఇనుము వేడి. అది హద్దు దాటితే గస్తీ మొదలవుతుంది. పట్టా వంకర తిరుగుతుందన్న అనుమానం వస్తే బండ్ల వేగం తగ్గిస్తారు. ఇక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది ఇంటి మాటే.

సముద్రం వేడినీ ఇలాగే కొలుస్తారు. లెక్కగట్టేది ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోనే. అక్కడి ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, 2011 నుంచి పగడపు దిబ్బలకు వేడి హెచ్చరికలు ఇస్తోంది. అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ దాని కనుసన్నల్లో ఉంటాయి.

ఈ లెక్కకు వాడే ఉపగ్రహానికి పగడం కనబడదు. నీటి పైపొర నుంచి వచ్చే కిరణాలను బట్టి ఆ నీటి వేడి పట్టుకుంటుంది. ఆ చోట ఏడాదంతటిలో బాగా వేడెక్కే నెల సగటు ముందే తెలుసు. దాన్ని ఒక డిగ్రీ మించితే పద్దు మొదలు. ఒక పూట వచ్చిపోయే జ్వరాన్ని ఒళ్లు తట్టుకుంటుంది, వదలని జ్వరాన్ని తట్టుకోదు. అందుకే మించిన డిగ్రీలను వారాలతో హెచ్చవేసి 12 వారాల మొత్తం చూస్తారు. అది 4కు చేరితే పగడాలు తెల్లబడతాయని అంచనా. 8కి చేరితే చావులు మొదలవచ్చు. నిజంగా ఏం జరిగిందో తేల్చడానికి మాత్రం మనిషి నీళ్లలో మునిగి చూడాల్సిందే.

తెల్లబోవడమంటే మనకు మొహంలో కళ తప్పడం. పగడానికీ అంతే. దాని ఒంట్లో కంటికానని నాచు కాపురముంటుంది. ఎండతో వంట చేసి పగడానికి తిండిలో ఎక్కువ భాగం పెట్టేది ఆ నాచే, రంగు కూడా చాలావరకు దానిదే. నీరు కాగితే ఆ కాపురం చెడుతుంది. నాచు వెళ్లిపోయాక పలచని చర్మం కింద సున్నపు తెలుపు బయటపడుతుంది. అప్పటికింకా ప్రాణం ఉంటుంది. నీరు వెంటనే చల్లబడితే నాచు తిరిగొస్తుంది. (నల్లపూసల్లో గుచ్చుకునే ఎర్ర పగడం వేరే జాతి. దాని రంగు ఎముకలోనే ఉంటుంది.)

1998, 2010, 2016లలో మన దిబ్బలు ఈ దెబ్బ తిన్నాయి. 2024 వేసవిలో లక్షద్వీప్ పగడాలు మళ్లీ తెల్లబోయాయి.

పట్టా వేడెక్కితే బండిని నిదానింపజేసే అధికారి ఉన్నాడు. సముద్రం వేడెక్కితే ఎవరున్నారు? లాల్‌ఖదాన్ మీదుగా కోర్బా బొగ్గు రేయింబవళ్లు పోతూనే ఉంటుంది. మన ఇంట్లో దీపం అదే. ఇలాంటి బొగ్గులు, చమురులు కాల్చిన పొగ వల్ల భూమి మీద మిగిలిపోయే వేడిలో సుమారు 90 శాతం సముద్రమే మింగుతోంది. ఈ బండిని రేపటికి రేపు ఆపలేం. వేగమైనా తగ్గించకపోతే హైదరాబాద్ నుంచి ఎన్ని హెచ్చరికలు వెళ్లినా మిగిలేది చావుల లెక్కే.

వేసవి సెలవులకు అండమాన్ వెళ్లే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. పడవ ఎక్కేముందు పగడాలకు వేడి హెచ్చరిక ఉందేమో కనుక్కోండి. ఉంటే ఆ పూటకు నీళ్లలో దిగకండి. దిబ్బ మీద లంగరు వేయొద్దని పడవ నడిపే అతనితో చెప్పండి.