గడియారం చూపిస్తారు, గడ్డి కోసినోళ్లను చూపించరు

ఆదివారం పొద్దున సికింద్రాబాద్‌ల ఒక కొత్త ముచ్చట కనబడుతోంది. బూట్లేసుకొని, మెడకు కెమెరాలు తగిలించుకొని పదీ ఇరవై మంది గుంపుగా నడుస్తుంటారు. ముందున్న మనిషి ఒక పాత కట్టడం దగ్గర ఆగి దాని కథ చెబుతాడు. వెనకున్నోళ్లు తలలెత్తి చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు, తర్వాత ఇరానీ చాయ్ తాగి ఇళ్లకు పోతారు. దీనికి ‘హెరిటేజ్ వాక్’ అని పేరు. తెల్లదొరల కాలంలో పుట్టిన పేటను కాలినడకన చూసి రావడం అన్నమాట.

నడవడం తప్పని మేం అనడం లేదు. చరిత్ర తెలుసుకోవడం తప్పని అసలే అనం. చరిత్ర అందకుండా చేయబడ్డ జనం మనం. మనకంటే ఎక్కువగా దాని విలువ ఎవరికి తెలుసు? మా పేచీ నడక మీద కాదు, అక్కడ చెప్పే మాట మీద.

ఏం చెబుతారు? ఇది 1897లో మొదలైన గడియార స్తంభం. ఇది 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి. ఇది జేమ్స్ స్ట్రీట్, ఇప్పుడు మహాత్మాగాంధీ రోడ్డు. అది కింగ్స్‌వే, ఇప్పుడు రాష్ట్రపతి రోడ్డు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ సరోజినీదేవి రోడ్డు అయింది. ప్రతి కట్టడానికీ రెండు పేర్లు వినబడతాయి. హుకుం ఇచ్చిన దొర పేరు ఒకటి, పైసలిచ్చిన సేట్ పేరు ఒకటి. మూడో పేరు ఉండదు. రాయి కొట్టినోడు, సున్నం కాల్చినోడు, తట్ట మోసినామె ఏమైనట్టు? రోడ్ల పేర్లు మారినప్పుడు కూడా దొరల పేర్లు పోయి నాయకుల పేర్లొచ్చాయి గానీ, ఆ రోడ్డేసిన కూలోళ్ల పేర్లు రాలేదు.

పల్లెల్లో ఉన్న మనకు సికింద్రాబాద్ సంగతి ఎందుకు అనుకోవద్దు. ఈ పేట ఎట్ల పుట్టిందో వినండి. 1798లో నిజాం కుంపిణీతో ఒప్పందం చేసుకొని వాళ్ల దండును తన రాజ్యంలో ఉంచుకోవడానికి ఒప్పుకున్నాడు. 1806లో ఆ దండు దిగిన చోటుకు సికందర్ జా పేరు పెట్టారు. దండుకు జీతాలెవరు ఇయ్యాలె? 1800 ఒప్పందంలో నిజాం అందుకోసం కడప, బళ్లారి సీమలను కుంపిణీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలు అనేది అందుకే. తర్వాత బొల్లారంలోని మరో దండు ఖర్చు కింద 1853లో బీరారు కూడా పోయింది. అంటే సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో సిపాయి కవాతు చేస్తే దాని ఖర్చు రాయలసీమ చేలల్లో, బీరారు పత్తి మళ్లలో పండింది. ఆ చేలల్లో నడుం వంచింది ఎవరు? పాలేరు, జీతగాడు, కూలి తల్లి. కాబట్టి ఆ పేటలో మన పల్లెల చెమట కూడా ఉంది.

మరి పేటలో మనోళ్లు ఎక్కడున్నారు? రాతి ఫలకాల మీద వెతికితే దొరకరు. బస్తీల పేర్లలో వెతకాలె. ఘాస్‌మండీ అంటే గడ్డి అమ్మే చోటు. దండుకు గుర్రాలుంటాయి, గుర్రాలకు రోజూ గడ్డి కావాలె. తెల్లారకముందే లేచి గడ్డి కోసి, మోపు నెత్తినెత్తుకొని వచ్చినోళ్లు ఉంటేనే గుర్రం నడిచింది, గుర్రం నడిస్తేనే దొర రాజ్యం నడిచింది. భోయిగూడ పేరులో పల్లకీలు మోసిన భుజాలున్నాయి. కళాసిగూడ పేరు వింటే డేరాలేసే ఖలాసీలు గుర్తొస్తారు. రెజిమెంటల్ బజార్ దండు వెంట వచ్చిన బజారు. రాతి మీద రాయని చరిత్రను జనం నోటి మీద రాసుకున్నారు. అది చెరిగిపోలేదు.

‘లష్కర్ బోనాలు’ మనందరం ఎరిగిందే. లష్కర్ అంటే దండు. ఉజ్జయిని మహంకాళిని ఇక్కడికి తెచ్చింది సురిటి అప్పయ్య అని చెప్పుకుంటారు. ఆయన జనరల్ కాదు, కర్నల్ కాదు. దండులో డోలీ మోసిన మనిషి. 1813లో కలరా మనుషుల్ని ఊడ్చేస్తుంటే ఉజ్జయినిలో మొక్కుకున్నాడని, 1815లో వచ్చి గుడి పెట్టాడని కథ. రెండువందల ఏళ్ల తర్వాత ఆ జాతరకు రాజ్యమేలేటోళ్లు కూడా వచ్చి తల వంచుతున్నారు. ఆ గుళ్లో రంగం చెప్పేది మాతంగేశ్వరి ముందర. మాతంగి ఎవరి తల్లో మాదిగ వాడల్లో ఎవర్నడిగినా చెబుతారు. ఆ పేటలో దొర కట్టించినవి కట్టడాలుగా మిగిలాయి, డోలీ మోసినోడు పెట్టిన మొక్కు ఇంకా బతికే ఉంది.

గడియారం మొదలైన 1897లోనే ఇంకో సంగతి జరిగింది. ఆగస్టు 20న బేగంపేట ఆసుపత్రిలో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. మంచి పనే, లోకానికి మేలు చేసిన పనే. అయితే ఆ దోమలు ఎవర్ని కుట్టాయి? హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున కూలి. రాస్ పేరు మీద సంస్థ ఉంది. హుసేన్ ఖాన్ పేరు మీద ఏముంది? దొర మెదడుకు నోబెలు, పేదోడి నెత్తురుకు అణాలు. ఈ లెక్క నడకలో చెబితే ఆ కట్టడం గొప్పతనం తగ్గుతదా? తగ్గదు. పూర్తవుతది.

పేర్లు లేనోళ్లు ఇంకా ఉన్నారు. గోరీల మీద కెప్టెన్ల పేర్లు, వాళ్ల భార్యల పేర్లు చెక్కారు. దండుకు నీళ్లు మోసిన భిస్తీలు, పాయఖానాలు ఎత్తిన మెహతర్లు, బట్టలుతికిన చాకలోళ్లు, బిడ్డల్ని సాకిన ఆయాలు ఎక్కడ పూడ్చబడ్డారో ఎవరూ చూపించరు. 1864 కంటోన్మెంట్ చట్టంతో సైనికుల దగ్గరికి పంపే ఆడవాళ్లను రిజిస్టర్లలో రాసుకొని, రోగాల పేరు చెప్పి బలవంతంగా పరీక్షలు చేసేవారు. సైనికుడికి ఆ పరీక్ష లేదు. 1868లో దానికి మరో చట్టం తోడైంది. 1888లో దాన్ని రద్దు చేసేదాకా ఇది నడిచింది. వాళ్లెవరి బిడ్డలు? జమీందార్ల బిడ్డలు కాదు గదా!

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. “తెల్లోళ్లు వచ్చినందుకే మీకు చదువొచ్చింది, మీరు వాళ్లను తిడతారేంది?” అని కొందరంటారు. “తెల్లోళ్ల గుర్తులన్నీ బానిసత్వమే, పీకి పారేయాలె” అని ఇంకొందరంటారు. రెండూ మన మాటలు కావు. దండులో కొంత దారి దొరికింది నిజం. మద్రాసు, బొంబాయి సైన్యాల్లో తొలినాళ్లలో పరయలు, మహర్లు సిపాయిలుగా పనిచేశారు. బాబాసాహెబ్ 1891లో పుట్టింది మౌ కంటోన్మెంటులోనే. తండ్రి రాంజీ సుబేదారు, సైనిక పాఠశాలలో పంతులు. ఊళ్లో బడి గడప తొక్కనివ్వని కులపోళ్లకు దండు బడిలో పలక దొరికింది. సికింద్రాబాద్ దండులో తెల్ల సైనికుల మధ్య పని చేయడానికి 1895లో వచ్చిన పోస్నెట్ దొర తర్వాత మెదక్ పోయాడు. అక్కడి మాల మాదిగ పల్లెల్లో బడి, దవాఖానా వచ్చాయి. అన్నం దొరకని కాలంలో పనిచ్చి కట్టించిన చర్చి 1924లో పూర్తయింది. అవి మనకు అక్కరకొచ్చాయి, కాదనం.

కానీ తెల్లదొర కులాన్ని పోగొట్టలేదు, వాడుకున్నాడు. పాయఖానా ఎత్తడానికి బ్రాహ్మణుణ్ణి పెట్టుకోలేదు, మెహతర్‌నే పెట్టుకున్నాడు. ఊళ్లో మన మీదున్న పని దండులో కూడా మన మీదే పడింది. తేడా ఏమంటే ఇక్కడ నెల జీతం ఉంది. అవసరం తీరినాక తలుపు మూశాడు. ‘యుద్ధ జాతులు’ అని కొత్త మాట పుట్టించి 1890లలో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశాడు. దాని మీద 1894లోనే గోపాల్ బాబా వలంగ్‌కర్ అర్జీ రాశాడు. దొరికిన సందులోంచి మనోళ్లే దారి తీసుకున్నారు. అది దొర దయ కాదు, మన కష్టం.

ఆ దారి తీసుకున్నోళ్లు ఇక్కడే ఉన్నారు. ఇల్లు విడిచి వచ్చి ఒక క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డివర్మ అయి 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. మన పిల్లలకు బడులు నడిపాడు. ‘పంచములు’ కాదు, ఈ నేల మూలవాసులం అన్నాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం ఆది హిందువులని రాసుకోక తప్పలేదు. గడ్డి మోపులు దించిన ఆ ఘాస్‌మండీలోనే అరిగె రామస్వామి సునీత బాల సమాజం నడిపాడు. ఈ పోరాటాల కథను పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో పుస్తకంగా వేశాడు. దండు పాయఖానాలెత్తిన కులంలో 1928లో పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి చదువుకొని, ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయింది. దేవాదాయ శాఖ చేతిలోకి తీసుకుంది. గుడి బయట నిలబెట్టిన జాతి బిడ్డ గుళ్ల మంత్రి అయింది! ఏ నడకలోనైనా ఇంతకంటే గొప్ప మజిలీ ఉందా?

బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం చూడండి. 1860లో బ్రిటిష్ రెసిడెంటు విడిది కోసం కట్టింది. 2023 నుంచి ఏడాది పొడుగునా జనాన్ని రానిస్తున్నారు. అక్కడ వంటశాల నుంచి భోజనాల గదిదాకా భూమి లోపల ఒక సొరంగం ఉంది. తిండి ఆ దారిలో వచ్చేది. చూడటానికొచ్చినోళ్లంతా ఆ సొరంగంలో నడిచి సంబరపడతారు. అందులో తట్టలు పట్టుకొని నడిచిన వంటవాళ్లు, నౌకర్లు ఎవరని అడగరు. ఇప్పుడు ఆ గోడల మీద చేర్యాల బొమ్మలేశారు. చేర్యాల పటాలు చూపించే మన డక్కలోళ్లు మాదిగ వాడల్లో జాంబవ పురాణం చెప్పారు. మన కళ గోడెక్కింది. మన కథ ఎక్కలేదు.

రాతి మీద పేరుంటే ఏమవుతుందో కోరెగాం చెబుతుంది. 1818 యుద్ధానికి కుంపిణీ తన గొప్ప కోసం అక్కడ స్తంభం నిలబెట్టింది. అందులో 22 మంది మహర్ సిపాయిల పేర్లున్నాయి. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి పోయాడు. ఆ రోజు నుంచి అది కుంపిణీ స్తంభం కాదు, మన స్తంభం. ఏటా లక్షల మంది నడుస్తున్నారు. 2018లో, రెండువందల ఏళ్లయిన రోజున, ఆ నడక మీద రాళ్ల దాడి జరిగింది. ఉట్టి పాత రాయే అయితే అంత కోపం ఎందుకొస్తుంది? మనం మన చరిత్రలో నడిస్తే ఎవరికో కాళ్ల కింద నేల కదులుతుంది.

అందుకే ఈ నడకల సంగతి ఆదివారం కాలక్షేపం కాదు. ‘వారసత్వం’ అని పేరు పడ్డ కట్టడానికి బోర్డు, కంచె, మరమ్మతు పైసలు వస్తాయి. దాని వెనక తరాలుగా ఉన్న గుడిసెకు ‘ఆక్రమణ’ అనే పేరొస్తుంది. బంగళా వారసత్వమైతే, ఆ బంగళా ఊడ్చినోళ్ల బస్తీ ఎందుకు కాదు? ఇయ్యాల సికింద్రాబాద్ కంటోన్మెంటు అసెంబ్లీ సీటు ఎస్సీ రిజర్వుడు. మనోళ్లు అక్కడ ఎంతమంది ఉన్నారో సర్కారు లెక్కలకే తెలుసు. ఉన్నట్టు ఓట్లప్పుడు గుర్తొస్తే చాలదు, చరిత్ర చెప్పేటప్పుడూ గుర్తు రావాలె. బస్తీకి చరిత్ర ఉందని రాసిపెడితే, రేపు కూలగొట్టడానికి వచ్చినోడికి జవాబు చెప్పే కాగితం ఒకటి మన చేతిలో ఉంటుంది.

కార్యకర్తలకు మా మాట ఇది. మే 22 భాగ్యరెడ్డివర్మ జయంతి. ఆ వారం మీ పట్నంలో మీరే నడక పెట్టండి. దండు ఉన్న చోటే కావాలని లేదు. రైలు స్టేషను, పాత జైలు, కలెక్టరు బంగళా, మిషను బడి, ఏదైనా సరే. ముందు ఆ బస్తీ ముసలోళ్ల దగ్గర కూర్చోండి. తాత ఏం పని చేశాడు, కూలి ఎంత, నీళ్లు ఏ బావిలో తోడనిచ్చారు, బళ్లో ఎక్కడ కూర్చోబెట్టారు అని అడిగి రాసుకోండి. పాత జీతం చిట్టీ, పింఛను కాగితం, బాప్తిస్మం రిజిస్టరు కనబడితే నకలు తీసి పెట్టుకోండి. నడక ముందు నిలబడి చెప్పేది ఆ బస్తీ ఆడబిడ్డే కావాలె. పల్లెల నుంచి వచ్చేటోళ్లను కూడా నడిపించండి. బూట్లు లేకపోయినా ఫరవాలేదు.

ముసలోళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్లతోపాటు పోయేది ఏ ఫలకం మీదా లేదు. ఈ పక్షమే మొదలు పెట్టండి.