పునాది గోతియొద్ద నిలుచువాడెవడు?

మేడ కూలిన గంటకు శిథిలములు తొలగించు యంత్రములు వచ్చును. సాయంత్రమునకు మృతుల కుటుంబములకు పరిహారము ప్రకటింపబడును. మఱునాటికి విచారణ సంఘము వెలయును. కాని ఆ మేడ లేచుచుండగా ఒక్కమారైనను నిలిచి పరీక్షించు శిక్షితుడైన ఉద్యోగి మాత్రము మన పురపాలక సంఘములకు దొరకుట అరుదు. బిల్డింగు ఇన్‌స్పెక్టరనుడు, టౌనుప్లానింగు ఓవర్సీరనుడు, వార్డు ప్రణాళికా కార్యదర్శి యనుడు, పేరేదైన నగుగాక, అట్టివారిని క్రొత్తగా తయారుచేయుటకు ప్రభుత్వములు ప్రత్యేకముగా గ్రాంటు నొసగవలెనని మా వాదము. ఇది దానము కాదు. చిరకాలముగా చెల్లక నిలిచియున్న బాకీ.

2014 జూను 28వ తేదీన చెన్నపట్టణము చెంత మౌలివాక్కమున పదునొకండంతస్తుల కట్టడము కూలి 61 మంది మృతినొందిరి. వారిలో పలువురు కూటికై వలసపోయిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల కూలీలు. ఆ కట్టడమునకు అనుమతి యుండెను. 2016 డిసెంబరు 8వ తేదీ రాత్రి హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో కట్టుచున్న ఏడంతస్తుల మేడ కూలి 11 మంది కూలీలును వారి కుటుంబములవారును మడిసిరి. దానికి అనుమతియే లేదు. అనుమతి యున్నదియు కూలెను, లేనిదియు కూలెను! కాగితము వలన పిల్లరునకు బలము రాదు. రింగులెంత యెడముగా కట్టిరో, కాంక్రీటులో నీరెంత కలిపిరో, సెంట్రింగు ఎన్నాళ్లకు విప్పిరో ఎఱిగినవాడు దగ్గఱ నుండి చూడవలెను. ఆ యెఱుక కళాశాల పట్టాతోడనే రాదు. అనుభవజ్ఞుని వెంట పునాదులు దిగి, మెట్లెక్కి నేర్చుకొనవలసిన విద్య యది.

చట్టములకు కొఱత లేదు. 1992వ సంవత్సరపు 74వ రాజ్యాంగ సవరణము పన్నెండవ షెడ్యూలున పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములను పేర్కొన్నది. అందు రెండవదియే భూవినియోగ గృహనిర్మాణ నియంత్రణము. తెలంగాణమున 2020లో చేసిన చట్టము 75 చదరపు గజముల వఱకు గల స్థలమున 7 మీటర్లు మించని యింటికి నమోదు చాలుననియు, 600 చదరపు గజముల వఱకు 10 మీటర్లు మించని యింటికి యజమాని స్వీయధ్రువీకరణముపై తక్షణమే అనుమతి యీయవలెననియు శాసించినది. పేదవాడు కచేరీల చుట్టు తిరుగు బాధను తగ్గించు పద్ధతిని మేము నిందింపము. కాని ముందు నమ్మిన ప్రభుత్వము పిదప సరిచూడవలెను గదా! సరిచూచువాడు లేనినాడు స్వీయధ్రువీకరణము స్వీయక్షమాపణముగా మాఱును.

2024 డిసెంబరు 17వ తేదీన సుప్రీముకోర్టు మఱింత స్పష్టముగా పలికినది. ఆమోదించిన ప్లాను కట్టడముకడ ప్రదర్శింపవలెను. అధికారులు అప్పుడప్పుడు పోయి పరీక్షించి, ఆ పరీక్షను రికార్డున వ్రాయవలెను. పరీక్షింపక నివాసయోగ్యతాపత్రము నీయరాదు. ఆజ్ఞ ధర్మబద్ధము. దానిని నెఱవేర్చు చేతులెచ్చట? 2021లో నీతి ఆయోగు ప్రకటించిన నివేదికను చూడుడు. రాష్ట్రముల పట్టణ ప్రణాళికా శాఖలకు 12,000కు పైగా ప్రణాళికాకారులు కావలసియుండ, మంజూరైన పదవులు 3,945. వానిలో నూటికి 42 ఖాళీ! పటములు గీయు పై యుద్యోగుల గతియే ఇట్లుండ, గోతిలోనికి దిగవలసిన క్రింది యుద్యోగి గతి వేఱుగా చెప్పవలెనా?

ధనము లేదందురా? 2022-23 బడ్జెటులో కేంద్రము పట్టణ ప్రణాళికా విద్యకై అయిదు సంస్థల వఱకు ఒక్కొక్కదానికి 250 కోట్ల నిధిని ప్రకటించినది. 2023-24లో పట్టణ ప్రణాళికా సంస్కరణలకై రాష్ట్రములకు 15,000 కోట్లను వడ్డీలేని యేబదేండ్ల ఋణముగా కేటాయించినది. ఇంగ్లండున 2017లో గ్రెన్‌ఫెల్ మేడ తగులబడి 72 మంది మరణించిన పిదప అచ్చటి ప్రభుత్వము స్థానిక సంస్థలకు క్రొత్త ఇన్‌స్పెక్టర్లను తర్ఫీదు చేయుటకు 1.65 కోట్ల పౌండ్లు ఒసగినది. అంతమంది కాలిపోవువఱకు మేల్కొనని వారి జాగును మనము అనుకరింపనక్కఱలేదు. మేల్కొనిన పిదప చేసిన పనిని అనుసరించిన చాలును.

ఇన్‌స్పెక్టర్లను పెంచిన లంచములు పెరుగునని కొందఱు పెద్దమనుష్యులు సెలవిచ్చుచున్నారు. ఆ రోగము కలదు, మేము కాదనము. కాని యెలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొందుమా? కాంక్రీటు సంగతి తెలియని యుద్యోగికి కాగితము సంగతియే తెలియును; కాగితములోని లోపమే వాని బేరపు సరుకు. విద్య గలవాడు వ్రాసి సంతకము చేసిన పరీక్షాపత్రము కట్టడము ముందు పదిమందికి కనబడునట్లు వ్రేలాడినచో బేరమునకు తావు సన్నగిల్లును. తనిఖీ లేకపోవుట నిజాయితీ కాదు, అంధత్వము.

కావున మేము కోరునవి ఇవి. గ్రాంటు మొదట చిన్న పురపాలక సంఘములకు చేరవలెను. మహానగరములకు స్వంత రాబడి కలదు. తర్ఫీదు రెండేండ్లు సాగవలెను. ఆ కాలమున అభ్యర్థికి జీతము ముట్టవలెను. ఉపన్యాసము నాలుగు దినములు విని సర్టిఫికెట్టు పుచ్చుకొనుట తర్ఫీదనిపించుకొనదు. తేఱినవానికి స్థిరమైన పదవి యుండవలెను. లేనిచో ప్రజాధనముతో నేర్చినవానిని కంట్రాక్టరు ఎగరవేసికొనిపోవును. ఈ ధనపు లెక్కలు కౌన్సిలు ముందర పెట్టవలెను.

పఠనాలయములలో ఈ పంక్తులు చదువు పౌరులారా! మీ వార్డు సభ్యుని ఒక్క ప్రశ్న యడుగుడు: మన వీథిలో లేచుచున్న మేడను కడపట ఎవరు, ఏ తేదీన పరీక్షించిరి? ఉత్తరము రానిచో ఆ ప్రశ్ననే కౌన్సిలు సమావేశమునకు, అచ్చటినుండి శాసనసభకు పంపుడు. ఇటుక మోయు కూలి ప్రాణమును, పైయంతస్తున నిద్రించు శిశువు ప్రాణమును ఆ తేదీ మీదనే ఆధారపడియున్నవి.