సగం దవడతో వంశవృక్షం రాయొద్దు



"మొట్టమొదటి మనిషి పుట్టింది మన దేశంలోనే, రామాపితేకస్ దవడే సాక్ష్యం" అనే మెసేజ్ మన గ్రూపులో మళ్లీ తిరుగుతోంది. మేము తమిళంలో చదువుకున్న రోజుల్లో ఇది బడిలో చెప్పిన మాటే. కానీ ఆ కథ మారి నలభై ఏళ్లు దాటింది. పిల్లలకు మారిన కథ కూడా చెప్పాలి కదా?

1932లో జి. ఎడ్వర్డ్ లూయిస్ అనే అమెరికా పరిశోధకుడికి శివాలిక్ కొండల్లో ఒక పైదవడ ముక్క దొరికింది. రాముడి పేరు కలిపి దానికి రామాపితేకస్ అని పేరు పెట్టాడు. 1960లలో ఎల్విన్ సైమన్స్, డేవిడ్ పిల్బీమ్ ఇది మనిషి పూర్వీకుడిదేనని వాదించారు. పంటి ఎనామెల్ మందంగా ఉంది, పళ్ల వరుస మనిషిలాగే ఉంది అన్నారు. చింపాంజీ, గొరిల్లాలకు రెండు వైపుల పళ్లు రైలు పట్టాల్లా సమానంగా వెళ్తాయి. మనకు వెనక్కి పోయేకొద్దీ దూరం పెరుగుతుంది. చిక్కేమిటంటే, ఆ ముక్కలో నడిమి భాగమే లేదు. మిగతాది ఊహించి పూర్తి చేశారు.

సగం చిరిగిన టికెట్టు చూసి ప్రయాణికుడు ఎక్కడ దిగాడో చెప్పగలమా? రైల్వేలో పనిచేసిన మేమైతే చెప్పలేం.

1967లో విన్సెంట్ సారిచ్, అలన్ విల్సన్ రక్తంలోని ప్రోటీన్లను పోల్చి చూశారు. మనిషి, ఆఫ్రికా వానరాలు విడిపోయి సుమారు 50 లక్షల ఏళ్లే అయిందని తేల్చారు. ఈ దవడ అంతకన్నా చాలా పాతది. ఎముకలవాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. తర్వాత పాకిస్తాన్‌లోని పోట్వార్ పీఠభూమిలో పిల్బీమ్ బృందానికే శివాపితేకస్ ముఖం దొరికింది. 1982లో ఆ వివరాలు ప్రకటించారు. చూస్తే అది ఒరాంగుటాన్ పోలిక! రామాపితేకస్‌ను కూడా శివాపితేకస్‌లోనే కలిపేశారు. పిల్బీమ్ తన పాత వాదాన్ని తానే వదులుకున్నాడు. మెచ్చుకోవలసింది ఆ నిజాయితీని.

మన దేశానికి గొప్ప లేకపోలేదు. అదే 1982లో నర్మద ఒడ్డున హథ్నోరాలో అరుణ్ సోనాకియాకు ఆదిమానవుడి పుర్రె భాగం దొరికింది. చెన్నైకి దగ్గరలోని అత్తిరంపాక్కం రాతి పనిముట్లకు 15 లక్షల ఏళ్లు. ఉన్నది చెప్పుకుంటే చాలు.

"తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అనిపించుకోవద్దు. మన కుటుంబాల చరిత్ర రాసుకునేటప్పుడూ ఇదే పద్ధతి పాటిద్దాం. పత్రం ఉంటే రాద్దాం, పెద్దలు చెప్పిన మాటైతే అలాగని రాద్దాం, ఏదీ లేనిచోట ఖాళీ వదిలేద్దాం. ఆధారం దొరికినవాళ్లు తర్వాత నింపుతారు.