కావలివాని కన్ను

పరదేశపు సేన ఒక సీమలో విడిసియున్నపుడు ఆ సీమజనులకు మిగులు ఆయుధమేది? కత్తులు లాగికొందురు, కోటలు పడగొట్టుదురు, బొక్కసములకు తమ తాళములు వేయుదురు. కాని జనుల కన్నులను లాగికొనుట యే సేనకును సాధ్యము కాదు. చేనిలో కలుపు తీయు స్త్రీ, గుట్టపై మేకలు కాచు బాలుడు, కపిల తోలు రైతు, వీరి కంటబడక ఒక పటాలము ఒక ఆమడయైన నడువజాలదు. ఈ కన్ను ఎవరి పక్షమున నున్నదో వారిదే సీమ. ఈ సత్యమును మన కడప, కర్నూలు మండలముల చరిత్ర చక్కగా బోధించుచున్నది. ఆ పాఠమును మనము సగమే చదివితిమని మా యభిప్రాయము.

1800వ సంవత్సరము అక్టోబరులో హైదరాబాదు నిజాము తన రక్షణకై యుంచికొన్న కుంపిణీ సేనల ఖర్చుక్రింద బళ్ళారి, కడప మొదలగు సీమలను కుంపిణీకి ధారపోసెను. ఇచ్చినవాడు నిజాము, పుచ్చుకొన్నది కుంపిణీ, చేతులు మారినవాడు రైతు. ఇంటివాని నడుగకయే ఇల్లు చేతులు మారెను. దత్తమండలమను పేరు ఆ దానమునకు గుర్తుగా చిరకాలము మనలను అంటియుండెను. 1928లో నంద్యాల సభయందు శ్రీ చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను నామమును సూచించిన పిదపగాని ఆ మచ్చ తొలగలేదు. కర్నూలు కోట మాత్రము కొంతకాలము నవాబు చేత నిలిచెను. ఆయన రహస్యముగా ఆయుధములు కూర్చుచున్నాడను వార్త కుంపిణీవారి చెవిని బడెను. 1839 అక్టోబరులో సేనలు వచ్చి కోటను పట్టుకొనెను. ఆ నెల 18వ తేదీన జొహరాపురము కడ పోరు జరిగెను. నవాబు గులాం రసూల్ ఖానును తిరుచిరాపల్లికి పంపిరి. అక్కడనే 1840లో ఆయన హతుడయ్యెను. కోటను కూల్చినది ఫిరంగి కాదు, కోటలోని గుట్టును బయటికి మోసిన వార్త.

కుంపిణీవారు కన్నుల విలువ నెఱుగని వారని దీనినిబట్టి యెవరును అనజాలరు. 1800 మొదలు 1807 దాక దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో చేను చేనును కొలిపించి లెక్క కట్టించెను. జనరల్ కాంప్‌బెల్ సేనలు పాళెగాండ్రను అణచెను. కొందఱు వెడలగొట్టబడిరి, కొందఱకు భరణములు ఏర్పడెను. కాని ఇంతటి తెలివిగల ప్రభుత్వము ఒక పెద్ద తెలివిమాలిన పని చేసెను. పూర్వము ప్రతి గ్రామమునకును కట్టుబడివారు, తలారులు, కావలివారు ఉండిరి. దొంగను పట్టుట, బాటసారిని కాచుట, కొత్తవాడు పొలిమేర దాటినచో పెద్దకు చెప్పుట వారి వృత్తి. దానికి ప్రతిఫలముగా వారికి ఇనాము భూములు ఉండెను. కుంపిణీవారు ఖర్చు తగ్గించుకొనవలెనని ఆ కట్టుబడి ఇనాములను క్రమక్రమముగా స్వాధీనము చేసికొనసాగిరి. నాలుగు రూపాయల శిస్తు చేతికి వచ్చెను, నాలుగు తరముల విశ్వాసము చేజారెను. చేను చేనును కొలిచిన ప్రభుత్వమునకు ఆ చేని గట్టున కూర్చున్న మనుష్యుడు కనబడలేదు. తన కన్నులను తానే పొడుచుకొన్నదని మేము చెప్పుచున్నాము.

ఆ పొడుచుకొన్న కన్నులు ఎవరివైపు తిరిగెను? ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వైపు. నొస్సం పాళెగాడైన జయరామిరెడ్డికి ఆయన దౌహిత్రుడు. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణము తినుచుండిన వాడు. బంధువుల భరణములు ఆగిపోవుట, తన హక్కులు తీసివేయబడుట ఆయన కోపమునకు మొదటి కారణములు. ఇనాములు పోయిన కావలివారు ఆయన వెంట చేరిరి. 1846 జూలైలో వారు కోవెలకుంట్ల ఖజానాపై బడిరి. నాడు కోవెలకుంట్ల కడప కలెక్టరు క్రింది తాలూకా. తాత్కాలిక కలెక్టరు కాక్రేన్ సేనలకు కబురంపెను. కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్ మొదలగు వారు వెంటబడిరి. జూలై మొదలు అక్టోబరు దాక, ఒకమాటు కుందూనది మైదానమున, ఒకమాటు గిద్దలూరు వైపున, ఒకమాటు నల్లమల కనుమలలో ఆయన వారికి చిక్కక తిరిగెను.

ఆయన వద్ద ఆధునికాయుధములు లేవు, శిక్షితసేన లేదు. మఱి ఇన్ని నెలలు ఎట్లు నిలువగలిగెను? నాటి సేన యెట్లు నడచునో ఆలోచించిన పాఠకులకు ఉత్తరము దొరకును. గుఱ్ఱములకు మేత కావలెను, ఎద్దులకు నీరు కావలెను, సిపాయిలకు బియ్యము, కట్టెలు కావలెను, సామానునకు బండ్లు కావలెను. ఈ రస్తు అంతయు దారి పొడుగున గ్రామములే సమకూర్పవలెను. ముందుగా తహసీలుదారు తాకీదు రెడ్డికి, కరణమునకు వచ్చును. వారు వెట్టివానిని పిలుతురు, అతడు ఇల్లిల్లు తిరిగి చెప్పును. అనగా సేన బయలుదేరుటకు ముందే సేన రాక ఊరందఱకు తెలిసిపోవును. పైగా మాది మెట్టసీమ. ఎండపొద్దున గుఱ్ఱపుదళము లేపిన దుమ్ము క్రోసుల దూరము కానవచ్చును. వాన కురిసినచో కుందూ లోయలోని నల్లరేగడి బండిచక్రములను ఇఱుసు దాక పట్టుకొనును. ఏ బావిలో నీరున్నదో, ఏ కనుమ దాటదగినదో, ఏ వాగు ఏ పూట పొంగునో చెప్పవలసినవాడు గ్రామస్థుడే. ఇట్టి దేశమున గోప్యముగా సేనను నడపుట పగటిపూట నక్షత్రములను వెదకుట వంటిది.

అయినను రెడ్డి చిక్కెను. ఎట్లు? తాను పోగొట్టుకొన్న కన్నులను కుంపిణీ సొమ్ముపెట్టి కొనసాగెను. జాడ చెప్పినవారికి బహుమానము ప్రకటించెను, అదనపు సేనలను తెప్పించెను. జాడ చెప్పినది ఎవరో జనశ్రుతి పలువిధములుగా చెప్పును. మే మా పేర్ల జోలికి పోము. పేరుసోముల కొండ కడ ఆయన పట్టువడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఉరి తీసిరి. తలను 1877 దాక, ముప్పది యేండ్లు, జనులు చూచుటకై వ్రేలాడదీసి యుంచిరి. చూచెడి కన్నులను భయపెట్టుటకు ప్రభుత్వము కనిపెట్టిన ఉపాయమిది. వార్త మోసిన కన్ను ఇకమీదట ఆ తలను చూచి నేలకు వ్రాలవలెనని వారి తలంపు. ఆయనతోపాటు పట్టువడినవారు వేయిమంది వరకు, శిక్షపడినవారు 112 మంది.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. ఆయన పోరు స్వార్థముతో మొదలయ్యెననియు, ఆయన దండు రుద్రవరము వంటి ఊళ్ళను దోచెననియు కొందఱందురు. ఆ మాటలు చరిత్రలో నున్నవి, వానిని దాచుట మా పద్ధతి కాదు. కాని భరణముకై పోరాడిన వాని వెంట భరణమే లేని వందలమంది ఏల నడచిరో ఈ ఆక్షేపకులు చెప్పజాలరు. వారికి రెడ్డి పదవి రాదు, రాజ్యము రాదు. పోయినది వారి చేను, వారి కావలి, వారి గౌరవము. నాయకుని ఉద్దేశము నొక తూనికతోను, అనుచరుని బాధను వేఱొక తూనికతోను తూచుట న్యాయము.

ఇక న్యాయశాస్త్రపు మాట. 1846లో గ్రామస్థుని కాపాడు సర్వదేశ సమ్మతమైన శాసనము లేదు. 1907 నాటి హేగు నిబంధనలు కొంత వెలుగు చూపెను. ఆక్రమిత ప్రదేశపు జనులను వారి సొంత సేనను గూర్చి వార్తలు చెప్పుమని బలవంతపెట్టరాదనియు, గూఢచారినైనను విచారణ లేక శిక్షింపరాదనియు అవి విధించెను. 1949 నాటి నాలుగవ జెనీవా ఒడంబడిక, వార్తలకై దేహమునుగాని మనస్సునుగాని హింసింపరాదనియు, ఒకని తప్పునకు ఊరినంతను శిక్షింపరాదనియు చెప్పెను. కాని ఆ ఒడంబడికయే గూఢచర్యమునకు, ఆక్రమణకు పూర్వపు చట్టమున అట్టి శిక్షయున్నచో, మరణదండనను ఇప్పటికిని అనుమతించుచున్నది. చూచుట నేరము కాదు. చూచినది దాచి శత్రుపక్షమునకు చెప్పుటయే ఆక్రమించినవాని దృష్టిలో నేరము. కాబట్టి మేకలకాపరి కన్నునకు శాసనము ఇచ్చిన గొడుగు చాల చిన్నది.

ఇది పాతకథ యని పాఠకులు తలంపకుందురు గాక. 1914 మొదలు 1918 దాక బెల్జియము జర్మనుసేనల క్రింద నలిగినపుడు రైలుబాట ప్రక్క యిండ్లలోని గృహిణులు, ముదుసళ్ళు రేయింబవళ్ళు బండ్లు లెక్కించిరి. ఒక యింట చిక్కుడుగింజ సిపాయికి గుర్తు, కాఫీగింజ ఫిరంగికి గుర్తు. శ్వేతవనిత యను అర్థముగల పేరుతో వెలసిన వారి సంఘము తమను గూఢచారులుగా గాక సైనికులుగా పరిగణింపవలెనని బ్రిటిషువారిని పట్టుపట్టి ఒప్పించెను. ప్రాణమొడ్డువాడు గౌరవమును ముందే అడిగికొనుట ఎంతటి వివేకము! 2022 మార్చిలో ఉక్రెయిన్ ప్రభుత్వము రష్యాసేనల కదలికలను పౌరులు సెల్‌ఫోనునుండియే తెలుపుటకు ఏర్పాటు చేసెను. ఆ యేడు మార్చి మొదలు నవంబరు దాక పరసేనల క్రింద నుండిన హెర్సన్ నగరపు పౌరుని జేబులో ఆ ఫోనే ఆయుధము, ఆ ఫోనే సాక్ష్యము. దారికాపు సిపాయి దానిని తెఱచి చూచినచో ఏమి కావలెను? దుమ్మును చూచిన మన కావలివాని చేత సాక్ష్యము మిగులలేదు. నేటి కాపరి చేత మిగులుచున్నది. సాధనము పెరిగినకొలది సాయము పెరిగెను, అపాయమును పెరిగెను.

కావున మేము రెండు మాటలు చెప్పదలచినాము. మొదటిది ప్రభుత్వములకు. నిరాయుధుడైన పౌరుని కన్నును యుద్ధమునకు వాడుకొను ప్రభుత్వము అతనికి రాగల అపాయమును ముందుగా చెప్పవలెను. అతడు పట్టువడినచో అతని కుటుంబమును పోషింపవలెను. యుద్ధము ముగిసిన పిమ్మట అతని సైనికునితో సమముగా గౌరవింపవలెను. కన్నును వాడుకొని మనిషిని మఱచుట కుంపిణీ నీతి. స్వతంత్ర ప్రభుత్వముల నీతి కారాదు.

రెండవది మనకు. నరసింహారెడ్డి పేరు నేడు మఱుగుపడి లేదు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టిరి, 2019లో ఆయన కథ వెండితెరపై వెలిగెను, పల్లెలలో ఆయన పాటలు నేటికిని వినవచ్చును. సంతోషము. కాని ఆ 112 మంది ఎవరు? వారి ఊళ్ళు ఏవి? వారి ఇనాముచేలు నేడు ఎవరి సాగున నున్నవి? ఈ ప్రశ్నలను మన పఠనమందిరములలో ఎన్నడైనను వేసికొంటిమా? రెడ్డి తలను ముప్పది యేండ్లు వ్రేలాడదీసిన ప్రభుత్వము ఆయన పేరును చెఱపలేకపోయెను. ఏ శ్రమయు పడకయే మనము ఆ 112 పేర్లను చెఱపితిమి.

పాతకాగితములు చదువగలిగిన ప్లీడర్లు, ఉపాధ్యాయులు, పెద్దల మాటలు వ్రాసికొనగలిగిన విద్యార్థులు మన తాలూకాలలో తక్కువగా లేరు. కోవెలకుంట్ల, గిద్దలూరు, నంద్యాల, జమ్మలమడుగు గ్రంథాలయములు పూనుకొన్నచో ఒక్క యేడాదిలో ఎన్నియో పేర్లు వెలికి వచ్చును. ఆ పేర్లను కోవెలకుంట్లలో ఉరి తీసిన చోట ఒక రాతిపై చెక్కింపుడు. నాయకుని పేరు పైన నుండనిండు, కావలివాని పేరు క్రిందనైనను ఉండనిండు. సీమను కాచిన కన్నును సీమ మఱచినచో, మఱల పొలిమేరపై దుమ్ము లేచిననాడు ఎవరు చూచి చెప్పుదురు? ఎవరికొఱకు చెప్పుదురు?