చెరువుగట్టున చెప్పవలసిన పాఠము

పర్యావరణ విద్యను నిర్బంధ పాఠ్యాంశముగా చేయవలెనని భారత సర్వోన్నత న్యాయస్థానము ఎం.సి. మెహతా వ్యాజ్యమునందు 1991వ సంవత్సరమున ఆదేశించినది. ఆ యాదేశము అమలు జరుగలేదనుటకు వీలులేదు. ఆహారశృంఖలలు, ఓజోను పొర, ఆమ్లవర్షము పుస్తకములందు చేరినవి. వానిపై ప్రశ్నలు వచ్చుచున్నవి. విద్యార్థులు జవాబులు వల్లించి మార్కులు తెచ్చుకొనుచున్నారు. అయినను ఆమ్లవర్షమునకు హేతువులైన వాయువుల పేర్లు తడుముకొనక చెప్పగల పిల్లలలో ఎందరు, తమ బడి వెనుకనున్న చెరువునకు ఏ వాగు నీరు తెచ్చుచున్నదో, అలుగు దాటిన నీరు ఏ యూరి చెరువును చేరుచున్నదో చెప్పగలరు? ప్రకృతిని గూర్చిన విద్యను ప్రకృతికి పరోక్షమున గరపుచున్నాము.

తెలుగునాట ఈ కొరత తీర్చుకొనుటకు దూరము పోనక్కరలేదు. పాకాల, రామప్ప, లక్నవరము వంటి మహాతటాకములను త్రవ్వించిన కాకతీయుల నాటినుండియు, ఒకదాని మిగులు నీరు వేరొకదానికి చేరునట్లు గొలుసుకట్టుగా చెరువులను నిర్మించుకొన్న దేశమిది. కడప మండలమున పోరుమామిళ్ల చెరువు కడ 1369 నాటి శాసనమొకటి కలదు. ఉత్తమ తటాకమునకు వలసిన పండ్రెండు సాధనములను, పరిహరింపదగిన ఆరు దోషములను అది వివరించుచున్నది. కట్టనుండి నీరు ఊరుట, నేల చవుడగుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు స్వల్పమై నేల విశాలమగుట, నేల స్వల్పమై నీరు అధికమగుట అందలి దోషములు. రెండు రాజ్యముల పొలిమేరపై నుండుటయు ఒక దోషమే యని వ్రాయించినవారు, నేటి నదీజల వివాదములను గాంచినచో ఆశ్చర్యపడి యుండరు. ఈ యారు దోషములను ప్రశ్నపత్రమువలె చేతబట్టి, తమ యూరి చెరువులో ఏది గలదో ఏది లేదో కట్ట పొడవున నడచి పరీక్షించిన ఏడవ తరగతి పిల్లలకు చరిత్ర, భూగోళము, గణితము వేరువేరు పీరియడ్లుగా తోచవు.

ఒక్కమారు చూచినంతమాత్రమున చెరువు అర్థము కాదు. కార్తికమున అలుగు పొర్లుచుండగా చూచినదానిని వైశాఖమున నెఱ్ఱెలు వారిన యడుగుతో మరల చూడవలెను. నత్తగుల్లకొంగ ముక్కు నడుమ సందు ఏల యున్నదో, అది నత్తను పట్టి గుల్లనుండి మాంసమును ఊడదీయుచుండగా చూచిన పిల్లకు వేరే చెప్పనక్కరలేదు. దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క నీటిపై చాపవలె పరచుకొని, వెలుతురును లోనికి పోనీయక, చేపలకు ప్రాణవాయువు కొరవడునట్లు చేయుటయు అచ్చటనే కానవచ్చును. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున ఏటేట వచ్చు గూడబాతులను గ్రామస్థులు శుభసూచకములుగా నెంచి కాపాడుచున్నారు; వారికి ఆ శ్రద్ధను ఏ పాఠ్యప్రణాళికయు నేర్పలేదు.

పాఠశాలలు పిల్లలను బయటకు తీసికొనిపోవుటలేదా యని యడుగవచ్చును. పోవుచున్నవి: సంవత్సరమున కొకమారు బస్సు కట్టించుకొని, జంతుప్రదర్శనశాలకు. అది వినోదము, కాదనను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతి లోపున, స్థానిక వృత్తినిపుణులకడ నేర్చుకొనుటకై పుస్తకసంచి లేని పది దినములు నిర్దేశించినది. వడ్రంగి, కుమ్మరి వలెనే, తూము తెరచి మూసెడి నీరుకట్టును, వల విసరెడి జాలరియు నిపుణులే కదా! ఆ పది దినములను ఒక్క పక్షమున ముగించి పత్రములు పూర్తిచేయుటకంటె, ఋతువు కొకటి రెండుగా విభజించి, అదే చెరువునకు మరల మరల పోవుట మేలని నా యభిప్రాయము. చూచినదానిని పిల్లలు తమ మాటలలో వ్రాసికొన్న పుస్తకమునకు మార్కులు వేయరాదు. వేసిన మరునాడే దానికి గైడు వెలయును.

నీటి కడ అపాయము మాటేమి యని తల్లిదండ్రులు శంకించుట న్యాయమే. ఉపాధ్యాయులు జంకుటయు ఇందులకే. మట్టికొరకు లోతుగా త్రవ్విన గోతులు చెరువు నిండినపిమ్మట పైకి కానరావు. అవి యెచ్చట నున్నవో నిత్యము తెప్పపై తిరుగు జాలరికి తెలియును. కావున మొదటి దినమున ఎవరును నీటిలో కాలిడక, కట్టమీద నిలిచి, ఆ గోతుల తావులను అతని నోట విని పటము గీసికొనుటతో చదువు ప్రారంభింపవలెను.