భూప్రదక్షిణకు ఒక టిక్కెట్టు

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణం నుండి బయలుదేరి, హైదరాబాదు, నాగపురం మీదుగా కాశికి పోయి, కలకత్తా నుండి తీరం వెంబడి మన నెల్లూరి మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పోయిన దారిన తిరిగి రాలేదు. ప్రదక్షిణమంటే అదే.

కొడుకు అమెరికాలో, కూతురు ఆస్ట్రేలియాలో ఉన్న తల్లిదండ్రులు మన తీరపు ఊళ్లలో అరుదు కాదు. ఒక ఏడు ఇటు, మరొక ఏడు అటు పోయి వస్తుంటారు. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ వంటి విమానసంస్థల కూటములు అమ్మే భూప్రదక్షిణ టిక్కెట్టు అట్టివారికే తగినదని నా అభిప్రాయం. నియమాలు స్వల్పం: తూర్పో పడమరో ఒకే దిశగా సాగాలి, అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాలను ఒక్కొక్కసారే దాటాలి, 16 అంచెలకు మించరాదు, ఏడాదిలోగా బయలుదేరిన దేశం చేరాలి. చెన్నై, లండన్, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, సిడ్నీ, సింగపూర్, మరల చెన్నై. పడమరగా పసిఫిక్ దాటేటప్పుడు ఒక తేదీ లోపిస్తుంది. క్షయతిథి అనుకుంటే సరి!

అయితే వీసాలు చేతికందిన పిదపనే టిక్కెట్టు కొనాలి. విడివిడి టిక్కెట్ల ధరతో పోల్చి చూడాలి. 16 అంచెలున్నవి కదా అని 16 నగరాలు కూర్చుకోరాదు, మోకాళ్లు మనవే.

నాడు వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ తిరిగాడు. నేడు తల్లిదండ్రులే బిడ్డల చుట్టూ తిరగవలసి వచ్చింది. తిరగక తప్పనప్పుడు, ఒక్క చుట్టులో ఇద్దరినీ చూచి రావడమే మేలు కదా మిత్రులారా!